కొబ్బరి చిప్ప బొగ్గుతో నీళ్లలోని మందుల అవశేషాలు తీయడం: ప్రాజెక్టు చేసేవాళ్లకు మొదటి నుంచి చివరి దాకా

నవంబరు దాటిందంటే చాలు, వైజాగ్‌లోని ఎమ్మెస్సీ, బీటెక్, బీఫార్మసీ పిల్లల నుంచి ఒకటే ఫోను. "సార్, కొబ్బరి చిప్పతో యాక్టివేటెడ్ కార్బన్ చేసి డైక్లోఫెనాక్ తీసేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" యాక్టివేటెడ్ కార్బన్ అంటే సన్నటి రంధ్రాలతో నిండి, నీళ్లలోని మందును తనలో పట్టుకునే బొగ్గు. డైక్లోఫెనాక్ నొప్పి తగ్గించే మందు. పక్కనే పరవాడ ఫార్మా సిటీ ఉన్న ఊళ్లో ఈ ప్రాజెక్టు మీదకు మనసు పోవడం సహజమే. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. బొగ్గు చేయడం పెద్ద కష్టం కాదు. "మందు 97 శాతం పోయింది" అని రాసే ముందు, ఆ పోయింది బొగ్గులోకే పోయిందని చూపించడం కష్టం. మందు ఫిల్టర్‌లో ఇరుక్కోవచ్చు, వెలుతురుకు విరిగిపోవచ్చు, ఫ్లాస్కు అడుగున తెల్లగా పేరుకోవచ్చు. మీటరుకు ఈ తేడాలు తెలియవు, అన్నిటినీ "పోయింది" అనే చూపిస్తుంది. అందుకే కింద సగం చోటు ఆ దొంగలెక్కలు పట్టుకోవడానికే ఇచ్చాను.

ఇంకో మాట: ఇది ల్యాబ్ పని. ఇలా చేసిన బొగ్గును ఇంట్లో వాటర్ ఫిల్టర్‌లో పోసుకోవద్దు.

1. ఏ మందుతో మొదలుపెట్టాలి

చాలామంది మిథిలీన్ బ్లూ రంగుతో సరిపెట్టేసి, చివర్లో ఒక మందు పేరు తగిలిస్తారు. రంగు నీళ్లు కళ్లకు తెల్లబడి కనిపిస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ దానితో మందు గురించి ఏమీ తెలియదు.

మొదటిసారి చేసేవాళ్లు పారాసిటమాల్ తీసుకోండి. దాని పీకేఏ (మందులో సగం విద్యుదావేశం మారిపోయే పీహెచ్) 9.5 దగ్గర ఉంటుంది. అంటే పీహెచ్ 8 దాకా అది దాదాపు ఆవేశం లేకుండానే ఉంటుంది. పీహెచ్ కాస్త అటూ ఇటూ అయినా ఫలితం తలకిందులు కాదు. యూవీ వెలుతురును 243 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటుంది కాబట్టి మీటరులో చక్కగా కనిపిస్తుంది.

డైక్లోఫెనాక్ సోడియం (276 నానోమీటర్లు) రెండో మెట్టు. బొగ్గు దాన్ని బాగానే పట్టుకుంటుంది కానీ పీహెచ్ దగ్గర మోసం చేస్తుంది. ఆ కథ 10వ అంకెలో ఉంది.

సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంకా జాగ్రత్తగా చేయాల్సింది. పీహెచ్ మారితే దాని యూవీ శిఖరం కూడా పక్కకు జరుగుతుంది. ఒక్క కాలిబ్రేషన్ గీతతో (తెలిసిన చిక్కదనాలకు మీటరు ఇచ్చే అంకెలతో గీసేది) అన్ని పీహెచ్‌లకూ లెక్క కడితే అంతా తప్పే.

షుగరు మందు మెట్‌ఫార్మిన్ జోలికి మాత్రం తెలిసే వెళ్లండి. అది నీళ్లను వదలని మందు, బొగ్గు దాన్ని పెద్దగా పట్టదు. "రాలేదు" అనేది కూడా ఫలితమే అనే గైడ్ ఉంటే చేయొచ్చు.

2. సామాన్లు సిద్ధం చేసుకోండి

- ఎండిన ముదురు కొబ్బరి చిప్పలు, కనీసం కిలో
- 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం, 500 మిల్లీలీటర్లు
- మూత ఉన్న పింగాణీ క్రూసిబుల్స్. ఈ పనికి వాడినవి మళ్లీ వేరే పనికి పనికిరావు, లోపలి మెరుపు పోతుంది
- మఫుల్ ఫర్నేస్, ఓవెన్, ఫ్యూమ్ హుడ్
- నాలుగు దశాంశాల బ్యాలెన్స్, పీహెచ్ మీటర్, షేకర్
- యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్, క్వార్ట్జ్ క్యూవెట్లు రెండు
- 75 మైక్రాన్ల జల్లెడ, 1 మి.మీ., 2 మి.మీ. జల్లెడలు
- మందు పొడి, స్వచ్ఛత శాతం రాసి ఉన్న సర్టిఫికెట్‌తో

క్యూవెట్లు, మందు పొడి గురించి కాస్త. మామూలు గాజు, ప్లాస్టిక్ క్యూవెట్లు 276 దగ్గర వెలుతురును తామే మింగేస్తాయి. క్వార్ట్జ్ లేకపోతే ఈ ప్రాజెక్టే లేదు. ఇక మందుల షాపులో కొన్న మాత్రలు దంచి కలిపితే స్టార్చ్, టాల్క్, రంగు అన్నీ వస్తాయి, ద్రావణం మబ్బుగా ఉంటుంది. మీ కాలేజీ ఫార్మసీ విభాగాన్నో, ఫార్మా కంపెనీలో పనిచేసే సీనియర్‌నో అడిగి రెండు గ్రాముల శుద్ధ మందు సంపాదించండి. ప్రాజెక్టు మొత్తానికి అంతకంటే అవసరం లేదు.

3. చిప్పలు: ఏవి పనికొస్తాయి, ఎలా దంచాలి

బీచ్ రోడ్డులో బొండాల బండి దగ్గర గుట్టలుగా పడి ఉంటాయని అవి తెచ్చుకుంటారు. వద్దు. బొండాంలో చిప్ప ఇంకా లేతగా ఉంటుంది, మిగతాదంతా పీచు. అది ఎండేసరికే వారం గడుస్తుంది, కాలిస్తే మెత్తటి పొడి మిగులుతుంది.

ముదురు కాయ చిప్పలు కావాలి. హోటళ్ల వెనక అడిగితే దొరుకుతాయి. గుడి దగ్గర కొట్టిన కాయల చిప్పలైతే పసుపు, కుంకుమ అంటి ఉంటాయి. వాటిని బ్రష్‌తో రుద్ది కడగాల్సిందే. కుంకుమ రంగు నీళ్లలోకి దిగితే యూవీలో అదే ముందు కనిపిస్తుంది.

వరస ఇది:

1. లోపల అంటిన కొబ్బరి ముక్కలు, బయటి పీచు చాకుతో గీకేయండి. కొబ్బరి నూనె మిగిలితే ఆమ్లం సరిగా ఇంకదు.
2. వేడినీళ్లలో ఒకసారి ఉడికించి, కడిగి ఎండలో రెండు రోజులు పెట్టండి.
3. ఇనుప రోట్లో దంచండి. మిక్సీలో వేయకండి, బ్లేడు విరుగుతుంది. నా ముందే రెండు విరిగాయి.
4. 1 నుంచి 2 మి.మీ. మధ్య ముక్కలు మాత్రమే జల్లించి తీసుకోండి.
5. ఆ ముక్కల మీద అయస్కాంతం తిప్పండి. ఇనుప రోటి నుంచి వచ్చిన రజను దానికి అంటుకొస్తుంది. ఎంత వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.
6. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి.

4. ఆమ్లంలో నానబెట్టడం, కాల్చడం

30 గ్రాముల ముక్కలకు ఒకటిన్నర రెట్లు, అంటే 45 గ్రాముల ఫాస్ఫారిక్ ఆమ్లం కావాలి. 85 శాతం ఆమ్లంలో ఒక మిల్లీలీటరుకు సుమారు 1.43 గ్రాముల అసలు ఆమ్లం ఉంటుంది. కాబట్టి 31.5 మిల్లీలీటర్లు కొలవండి. దాన్ని అంతే పరిమాణం డిస్టిల్డ్ వాటర్‌లో నెమ్మదిగా పోసి, ఆ ద్రావణంలో ముక్కలు వేయండి.

రాత్రంతా నాననిచ్చి, పొద్దున ఓవెన్‌లో 105–110 డిగ్రీల దగ్గర పెట్టండి. నీళ్లు ఇగిరి, ముక్కలు నల్లగా జిగటగా, మొలాసిస్ పూసినట్టు అయ్యేదాకా ఉంచాలి. తడిగా ఉండగానే ఫర్నేస్‌లో పెడితే చిమ్ముతుంది.

తర్వాత క్రూసిబుల్‌ను మూడొంతులు నింపి మూత పెట్టి కాల్చండి:

- 200 డిగ్రీల దగ్గర అరగంట
- అక్కడి నుంచి 500 డిగ్రీలకు పెంచి ఒక గంట
- స్విచ్ ఆపేసి, తలుపు తీయకుండా రాత్రంతా చల్లారనివ్వండి

ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసేటప్పుడు నైట్రోజన్ ప్రవాహం లేకపోయినా మూత ఉన్న క్రూసిబుల్‌తో పని జరుగుతుంది. పిల్లల ప్రాజెక్టుకు ఈ దారి చెప్పడానికి అదే కారణం. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఇంకా ఎక్కువ రంధ్రాలు వస్తాయి కానీ 700–800 డిగ్రీలు, నైట్రోజన్, నికెల్ క్రూసిబుల్ కావాలి. అవి లేకుండా పింగాణీలో మొదలుపెట్టి క్రూసిబుల్ పగలగొట్టుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇక్కడ జరిగే తప్పులు

తొందరపడి వేడి మీద మూత తీయడం మొదటిది. గాలి తగిలిన ఎర్రటి బొగ్గు మీ కళ్లముందే బూడిదవుతుంది. 100 డిగ్రీల కిందకు వచ్చాకే తీయండి.

కాలేటప్పుడు వచ్చే తెల్లటి ఆమ్లపు పొగ రెండోది. ఫ్యూమ్ హుడ్ లేని గదిలో ఈ పని పెట్టుకోవద్దు. గది తలుపులు తీశాం కదా అంటే సరిపోదు.

30 గ్రాముల చిప్పకు కడిగి ఆరబెట్టాక 12 నుంచి 15 గ్రాములు చేతికొస్తే బాగా వచ్చినట్టే. 5 గ్రాములే వచ్చిందంటే గాలి చొరబడింది.

5. కడగడం

ఇక్కడే అందరూ త్వరపడతారు. "ఐదుసార్లు కడిగాం సార్" అంటారు. ఎన్నిసార్లన్నది లెక్క కాదు, బయటికొచ్చే నీళ్లు ఏం చెబుతున్నాయన్నదే లెక్క.

మొదట బొగ్గును డిస్టిల్డ్ వాటర్‌లో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. అలా మళ్లీ మళ్లీ. చన్నీళ్లతో కడిగితే రంధ్రాల్లోని ఫాస్ఫేట్ బయటికి రాదు. వడకట్టిన నీళ్ల పీహెచ్ 6 దాటేదాకా ఆపొద్దు.

పీహెచ్ దాటాక ఇంకో పరీక్ష. ఆ నీళ్లు కొంచెం తీసుకుని, నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ వేసి వేడిచేయండి. పసుపు పచ్చటి అవక్షేపం వస్తే ఇంకా ఫాస్ఫేట్ ఉంది, మళ్లీ మరిగించండి. నాకు తెలిసి రెండు లీటర్ల నీళ్లకు తక్కువలో ఇది తేలదు.

తర్వాత 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, కల్వంలో నూరి 75 మైక్రాన్ల జల్లెడ పట్టండి.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. మన గాలిలో చెమ్మ ఎక్కువ. ఒక ఆగస్టులో, ఉక్కపోతగా ఉన్న మధ్యాహ్నం, వాచ్‌గ్లాస్‌లో బొగ్గు పెట్టి బ్యాలెన్స్ ముందు కూర్చున్నాను. ఆఖరి అంకె ఆగదే! పాకుతూ పైకి పోతూనే ఉంది. బ్యాలెన్స్ చెడిందనుకుని టెక్నీషియన్‌కు ఫోన్ కూడా చేశాను. బొగ్గు గాలిలోని నీళ్లు తాగుతోందన్న సంగతి ఆయన చెప్పేదాకా తట్టలేదు. వాడే రోజు పొద్దున గంటసేపు ఓవెన్‌లో పెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, చకచకా తూచేయండి. సీసా మూత తీసి ఉంచకండి.

6. బొగ్గు ఎలా వచ్చిందో చూసుకోవడం

బీఈటీ ఉపరితల వైశాల్యం (రంధ్రాల గోడలన్నీ కలిపి గ్రాము బొగ్గుకు ఎంత ఉపరితలం ఉందో) బయటికి పంపిస్తే వస్తుంది, ఆలస్యమవుతుంది. ఈలోగా ల్యాబ్‌లోనే చేసుకునే రెండు పరీక్షలు చాలు. బూడిద, తేమ లాంటి మిగతా వాటికి ఐఎస్ 877 (భారత ప్రమాణం) చూసుకోండి.

*అయోడిన్ సంఖ్య.* గ్రాము బొగ్గు ఎన్ని మి.గ్రా. అయోడిన్ పడుతుందో ఆ అంకె. ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డి4607 పద్ధతి. తూచిన బొగ్గుకు 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లు పోసి, 30 సెకన్లు మరిగించి, చల్లార్చి, 0.1 నార్మల్ అయోడిన్ 100 మిల్లీలీటర్లు కలిపి 30 సెకన్లు ఊపి వెంటనే వడకట్టండి. 50 మిల్లీలీటర్లు థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. మిగిలిన అయోడిన్ 0.008 నుంచి 0.04 నార్మల్ మధ్య లేకపోతే బొగ్గు బరువు మార్చి మళ్లీ చేయాలి. ఈ షరతు చాలామంది చదవరు. తాగునీటికి అమ్మే కొబ్బరి చిప్ప కార్బన్‌కు మామూలుగా 900–1100 వస్తుంది. మీకు 700 వచ్చినా సిగ్గుపడక్కర్లేదు.

*సున్నా ఆవేశపు పీహెచ్.* బొగ్గు ఉపరితలం ఏ పీహెచ్ దగ్గర ధనమూ కాక, ఋణమూ కాక ఉంటుందో అది. 0.01 మోలార్ ఉప్పునీళ్లు 50 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని, పీహెచ్ 2 నుంచి 11 దాకా సర్దండి. ఒక్కోదాంట్లో 0.15 గ్రాముల బొగ్గు వేసి 48 గంటలు ఊపండి. మొదటి పీహెచ్, చివరి పీహెచ్ సమానమయ్యే చోటే మీ జవాబు. ఫాస్ఫారిక్ ఆమ్లపు బొగ్గుకు ఇది తక్కువగా, ఆమ్లం వైపే వస్తుంది. 9 వచ్చిందంటే సీసాలు తారుమారయ్యాయేమో చూసుకోండి.

7. మందు ద్రావణం, కాలిబ్రేషన్

100 మి.గ్రా. మందును లీటరు ఫ్లాస్కులో కరిగించి స్టాక్ చేసుకోండి. ఫ్లాస్కుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. డైక్లోఫెనాక్, సిప్రోఫ్లోక్సాసిన్ రెండూ వెలుతురుకు విరుగుతాయి. కిటికీ పక్కన షేకర్ ఉన్న ల్యాబుల్లో బొగ్గు కంటే సూర్యుడే ఎక్కువ మందు తీసేస్తాడు. స్టాక్ ఫ్రిజ్‌లో పెట్టి, వారానికోసారి కొత్తది చేసుకోండి.

కాలిబ్రేషన్‌కు 2, 5, 10, 15, 20 మి.గ్రా./లీ. చాలు. అంతకంటే చిక్కటి నమూనాలను పలచన చేసి చదవండి. గీతను పైకి సాగదీయకండి.

8. మూడు కాపలా ఫ్లాస్కులు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ప్రతి ప్రయోగంతో పాటు, ప్రతి పీహెచ్ దగ్గరా, ఈ మూడూ షేకర్ మీద ఉండాలి:

- మందు ఉంది, బొగ్గు లేదు. 24 గంటలయ్యాక ఎంత మిగిలింది? తగ్గితే వెలుతురో, గాజో, సూక్ష్మజీవులో, అవక్షేపమో.
- బొగ్గు ఉంది, మందు లేదు. వడకట్టిన నీళ్లలో యూవీ రీడింగ్ ఎంత? సున్నా రాకపోతే బొగ్గు నుంచి ఏదో దిగుతోంది, లేదా నలుసు ఫిల్టర్ దాటుతోంది.
- మందు ద్రావణాన్ని ఫిల్టర్ చేసి, చేయకుండా. రెండు రీడింగుల తేడా ఎంత? అది ఫిల్టర్ తిన్న మందు.

మూడోది ఎంత దెబ్బ తీస్తుందో అంకెల్లో చూడండి. 100 మిల్లీలీటర్లు, 20 మి.గ్రా./లీ. డైక్లోఫెనాక్, 25 మి.గ్రా. బొగ్గు. చివర్లో 3.1 మి.గ్రా./లీ. మిగిలిందనుకోండి. మామూలు లెక్కలో 84.5 శాతం పోయింది, గ్రాము బొగ్గు 67.6 మి.గ్రా. పట్టింది.

ఇప్పుడు బొగ్గు లేని ద్రావణం అదే నైలాన్ సిరంజి ఫిల్టర్ దాటాక 15.5 మాత్రమే చూపించిందనుకుందాం. అక్కడి నుంచి లెక్క కడితే పోయింది 80 శాతం, గ్రాముకు 49.6 మి.గ్రా. శాతం చూస్తే "పర్వాలేదు, కాస్తే తగ్గింది" అనిపిస్తుంది. గ్రాముకు పట్టిన మందు చూడండి, పావు వంతుకు పైగా ఎగిరిపోయింది!

ఈ సవరణ కూడా తాత్కాలికమే. చేయాల్సింది ఫిల్టర్ మార్చడం. నీళ్లకు తడిసే రకం పీటీఎఫ్ఈ, లేదా రీజెనరేటెడ్ సెల్యులోజ్ ఫిల్టర్ వాడి చూడండి. మొదటి 3 మిల్లీలీటర్లు పారబోసి తర్వాతవి తీసుకోండి. సెంట్రిఫ్యూజ్ ఉంటే అసలు ఫిల్టరే వద్దు.

9. అసలు ప్రయోగం, వరసగా

1. *మోతాదు.* 100 మిల్లీలీటర్లకు 5, 10, 25, 50 మి.గ్రా. బొగ్గు. మందు సగం నుంచి మూడొంతులు పోయే మోతాదును ఎంచుకోండి. 99 శాతం పోయే మోతాదు ఎంచుకుంటే తర్వాత ఏ మార్పూ కనిపించదు, అన్నీ 99 దగ్గరే ఉంటాయి.
2. *సమయం.* 5, 10, 20, 30, 60, 120, 240 నిమిషాలు, 24 గంటలు. ప్రతి సమయానికి వేరే ఫ్లాస్కు. ఒకే ఫ్లాస్కులోంచి పీలుస్తూ పోతే నీళ్లూ తగ్గుతాయి, బొగ్గూ తగ్గుతుంది.
3. *చిక్కదనం.* 5 నుంచి 100 మి.గ్రా./లీ. దాకా ఎనిమిది బిందువులు, ఒకే బొగ్గు బరువు, 24 గంటలు, మూడేసి ఫ్లాస్కులు.
4. *పీహెచ్.* చివర్లో.

షేకర్ నిమిషానికి 150 తిప్పులు, 30 డిగ్రీలు. రాత్రి కరెంటు పోయి షేకర్ ఆగిందేమో తెలియడానికి పక్కనే పాత ఫోన్‌లో టైమ్‌లాప్స్ పెట్టిన పిల్లలున్నారు. నాకు నచ్చిన ఉపాయం.

"గ్రాము బొగ్గు వేస్తే పూర్తిగా పోయింది" అని సంబరపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. స్విట్జర్లాండ్‌లో మురుగునీటి కేంద్రాలు మందుల అవశేషాల కోసం వేసే పొడి కార్బన్ లీటరుకు 10–20 మి.గ్రా. స్థాయిలో ఉంటుంది. మన లీటరుకు 250 మి.గ్రా. వాటి ముందు దుబారానే.

10. పీహెచ్: నేను పడిన గొయ్యి

నేను చదువుకునే రోజుల్లో డైక్లోఫెనాక్‌తో పీహెచ్ 3 దగ్గర 99 శాతం తెచ్చాను. పీహెచ్ 7లో 70, పీహెచ్ 3లో 99. అందమైన గ్రాఫు. ఉపరితలం, ఆవేశం, ఆకర్షణ అంటూ పేజీన్నర వివరణ రాశాను.

వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు. "బొగ్గు వేయకుండా ఇదే ద్రావణాన్ని పీహెచ్ 3లో ఉంచి చూశావా అమ్మా?" చూడలేదు. మర్నాడు ల్యాబ్‌కెళ్లి పెట్టాను. సాయంత్రానికి ఫ్లాస్కు అడుగున సన్నటి తెల్లటి పొర, ఊపితే పొగలా లేచింది. డైక్లోఫెనాక్ పీకేఏ 4 దగ్గర ఉంటుంది. దాని కింద సోడియం లవణం ఆమ్ల రూపంలోకి మారిపోయి, లీటరుకు కొద్ది మి.గ్రా. మించి కరగదు. నేను "బొగ్గు తీసింది" అనుకున్నది ఫిల్టర్ కాగితం మీద ఆగిన పొడి.

కాబట్టి:

- డైక్లోఫెనాక్‌కు పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య చేయండి. కిందకు పోవాలంటే చిక్కదనం బాగా తగ్గించి, కాపలా ఫ్లాస్కుతోనే.
- పీహెచ్ మొదట్లోనే కాదు, చివర్లోనూ కొలవండి. బొగ్గు వేయగానే పీహెచ్ మారుతుంది.
- పీహెచ్ 7లో మందూ ఋణమే, మీ బొగ్గూ ఋణమే. అయినా మందు పట్టుకుంటోందంటే ఆవేశం ఒక్కటే పని చేయట్లేదన్నమాట. మందులోని బెంజీన్ వలయాలు బొగ్గు పొరలకు అతుక్కోవడం, నీళ్లంటే మందుకు అంతగా పడకపోవడం కూడా ఉన్నాయి. వివరణలో ఇవి రాయండి.

11. లెక్కలు, గ్రాఫులు

గ్రాము బొగ్గుకు పట్టిన మందు = (మొదటి చిక్కదనం − చివరి చిక్కదనం) × లీటర్లు ÷ బొగ్గు గ్రాములు. ఇంతే. యూనిట్లు కలపడంలో తప్పు పోకుండా చూసుకోండి.

బొగ్గు మందును ఎంత వేగంగా పడుతుందో చెప్పే సూడో సెకండ్ ఆర్డర్ సూత్రాన్ని సరళరేఖగా గీస్తే ఆర్-స్క్వేర్ 0.999 వస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. రెండు అక్షాల్లోనూ సమయమే ఉంది కాబట్టి, ప్రయోగం సమతాస్థితికి చేరాక తీసిన బిందువులు ఎక్కువుంటే ఏ డేటాకైనా అలాగే వస్తుంది. మొదటి గంటలోని బిందువులతో, ఎక్సెల్ సాల్వర్‌లో వక్రరేఖనే నేరుగా అమర్చండి.

లాంగ్మ్యూర్ గరిష్ఠం (గ్రాము బొగ్గు పట్టగలిగే అత్యధిక మందు) చెప్పాలంటే మీ బిందువులు చదును అయ్యేదాకా వెళ్లి ఉండాలి. గీత ఇంకా ఎక్కుతూ ఉంటే ఆ గరిష్ఠం మీరు కొలిచింది కాదు, సూత్రం ఊహించింది.

మూడు ఉష్ణోగ్రతల్లో చేసి ఎంథాల్పీ, ఎంట్రోపీ రాయమని గైడ్ అంటే చేయండి. అనకపోతే, నా మాట వింటే, వదిలేయండి. యూనిట్లున్న స్థిరాంకానికి లాగరిథమ్ తీసి రాసిన పట్టికలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

12. అసలు నీళ్లతో

డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన ఫలితం ఊళ్లో నీళ్లకు వర్తించదు. కుళాయి నీళ్లు, మేఘాద్రిగెడ్డ లాంటి చెరువు నీళ్లు తెచ్చి, వాటిలో మందు కలిపి చూడండి. మట్టి, ఆకులు కుళ్లిన పదార్థాలు మందుకంటే ముందే బొగ్గు రంధ్రాల మీద పడతాయి. కాబట్టి శాతం తగ్గుతుంది. తగ్గకపోతే అనుమానించండి.

మూడు జాగ్రత్తలు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అది పారాసిటమాల్, డైక్లోఫెనాక్ రెండింటితోనూ చర్య జరుపుతుంది. కాస్త సోడియం థయోసల్ఫేట్‌తో ముందే తీసేయండి. చెరువు నీళ్లలోని సహజ పదార్థాలు కూడా 250–280 నానోమీటర్ల మధ్య వెలుతురు పీలుస్తాయి, యూవీ ఒక్కటే చాలదు, ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ కావాలి. మురుగు నీళ్లయితే బ్యాక్టీరియా కొన్ని మందులను తినేస్తాయి. 0.45 మైక్రాన్ ఫిల్టర్ పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు వాడండి.

"మన 20 మి.గ్రా./లీ. వాస్తవంలో ఉంటుందా?" అని వైవాలో అడుగుతారు. మామూలు నదుల్లో, చెరువుల్లో మందులు సాధారణంగా మైక్రోగ్రాముల్లో, నానోగ్రాముల్లో ఉంటాయి. మన యూవీకి అవి కనిపించవు. కానీ హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు 2007లో ప్రచురితమైంది. మీ చిక్కదనం ఫ్యాక్టరీ నీళ్లను పోలినదని చెప్పండి, చెరువును పోలినదని చెప్పకండి.

13. కాలమ్ చేయాలనుకుంటే

కాలమ్ అంటే బొగ్గు నింపిన గొట్టంలోంచి నీళ్లు పంపడం. మీరు చేసిన పొడి కాలమ్‌కు పనికిరాదు, పది నిమిషాల్లో బిగుసుకుపోతుంది. 12×40 మెష్ (జల్లెడ సైజు) కొబ్బరి చిప్ప గ్రాన్యూల్స్ కొనుక్కోండి. బ్యూరెట్ కూడా వద్దు, సన్నం. నీళ్లు గోడ వెంట జారిపోతాయి. 2.5 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న గాజు గొట్టం తీసుకోండి.

గ్రాన్యూల్స్‌ను మరిగించి రాత్రంతా నానబెట్టి, తడిగానే పోయాలి. లేకపోతే గాలి బుడగలు దారి మళ్లిస్తాయి. నింపాక కింద నుంచి పైకి నీళ్లు పంపి నల్లటి నలుసంతా పోనివ్వండి.

ఇక సమయం లెక్క. ఇది ముందే వేయనివాళ్లు ఫిబ్రవరిలో ఏడుస్తూ ఫోన్ చేస్తారు. 20 సెం.మీ. ఎత్తు పడక (గొట్టంలో నింపిన బొగ్గు) అంటే 98 మిల్లీలీటర్లు. నీళ్లు పడకలో 10 నిమిషాలు ఉండాలంటే నిమిషానికి 9.8 మిల్లీలీటర్లు పంపాలి. ఆ పడకలో దాదాపు 48 గ్రాముల బొగ్గు. గ్రాముకు 50 మి.గ్రా. పడుతుందనుకుంటే మొత్తం 2,400 మి.గ్రా. మీ నీళ్లు 20 మి.గ్రా./లీ. అయితే 120 లీటర్లు పోయాలి. పంపు ఎనిమిదిన్నర రోజులు ఆగకుండా తిరగాలి!

పడకను 2 సెం.మీ. చేసి, పైనా కిందా గాజు పూసలు నింపండి. 12 లీటర్లు, సుమారు 20 గంటలు. నీళ్లు పడకలో ఉండేది నిమిషమేనని రిపోర్టులో దాచకుండా రాయండి. బయటికొచ్చే నీళ్లలో మొదటి చిక్కదనంలో పదో వంతు కనిపించిన క్షణాన్ని బ్రేక్‌త్రూగా గుర్తించండి, కానీ దాదాపు సమానమయ్యేదాకా నడపండి.

14. వాడేసిన బొగ్గు

డైక్లోఫెనాక్ పట్టిన బొగ్గును 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తోనో, మిథనాల్‌తోనో కడిగి మళ్లీ వాడి చూడొచ్చు. ప్రతి విడతకూ బొగ్గు బరువు మళ్లీ తూచండి. కడగడంలో పోయిన బొగ్గును "సామర్థ్యం తగ్గింది" అని రాసేవాళ్లే ఎక్కువ. మూడు విడతలు చాలు.

మందు ఇప్పుడు ఆ మిథనాల్‌లో ఉంది. దాన్ని సింకులో పోస్తే మీరు తీసిన మందంతా మళ్లీ గెడ్డలోకే. బొగ్గునూ, కడిగిన ద్రవాన్నీ వేరువేరు సీసాల్లో బిగించి, ల్యాబ్ ఇన్‌చార్జికి అప్పజెప్పండి. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రం పరవాడలోనే ఉంది, కాలేజీ ద్వారానే పంపాలి. చెత్త బండిలో వేయకండి.

సీసా మీద రాయాల్సినవి:

- ఏ మందు, సుమారు ఎన్ని మి.గ్రా.
- బొగ్గా, మిథనాలా, క్షారమా
- తేదీ, బ్యాచ్ పేరు
- "మండే గుణం ఉంది" (మిథనాల్ సీసా మీద, ఎర్ర అక్షరాలతో)

చెరగని పెన్నుతో రాయండి. మిథనాల్ చుక్క పడితే మామూలు మార్కర్ రాత ఇట్టే కరిగిపోతుంది.